పెట్టెలో పట్టని రోబో

మీ పిల్లలో, మనవలో బడిలో రోబో జట్టులో చేరారా? అయితే ఈ నాలుగు మాటలు మీ కోసమే. నేను డర్బన్‌లో బడి పంతులమ్మను. నా తెలుగు గుడి తరగతుల్లో నేర్చుకున్నది. అక్కడ యంత్రాల మాటలు ఎవరూ చెప్పలేదు. అందుకే నట్టును నట్టు అనే రాస్తున్నాను.

మేము ఆడేది ఫస్ట్ టెక్ ఛాలెంజ్. ఆట మొదలయ్యేటప్పుడు రోబో పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్కటి 18 అంగుళాలు దాటకూడదు. అంటే సుమారు 457 మిల్లీమీటర్లు. మా పిల్లలు కంప్యూటర్‌లో సరిగ్గా 457 అని గీశారు. గ్రేడ్ 9 అమ్మాయి ఒకతె అడిగింది: "మ్యామ్, స్క్రూ తలలు లెక్కలో వేశామా?" నాకు తొందర. "ముందు పని కానివ్వమ్మా" అన్నాను.

పోటీ రోజున తనిఖీ బల్ల దగ్గర రోబో పెట్టెలో దిగలేదు. రెండు పక్కలా స్క్రూ తలలు మూడేసి మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొచ్చాయి.

కాబట్టి మీరు 445 గీయండి. పక్కకు ఆరు మిల్లీమీటర్లు వదలండి. గీసే ముందు అట్టముక్కలతో ఒక బొమ్మ చేసి చూడండి. చెయ్యి పైకి లేస్తే ఎక్కడ తగులుతుందో అట్టే చెబుతుంది. బ్యాటరీ బరువుగా ఉంటుంది, దాన్ని చక్రాల మధ్య, కింద పెట్టండి. కానీ పది స్క్రూలు విప్పితేగాని బయటికి రాని చోట పెట్టకండి. మేము పెట్టాం.

అల్యూమినియం కోసేటప్పుడు మూలమట్టం పెట్టి గీత గీయాలి. గీత మీద సెంటర్ పంచ్‌తో చిన్న గుంట కొట్టాలి, లేకపోతే డ్రిల్ జారుతుంది. ముక్కను బిగించాకే రంధ్రం వేయాలి. కళ్లద్దాలు తప్పనిసరి. జుట్టు ముడి వేసుకోవాలి, గాజులు తీసేయాలి. గుడిలో కట్టిన దారం చేతికి ఉంటే దాని మీద టేపు అంటించాలి. డ్రిల్ దగ్గర చేతి తొడుగులు వద్దు, అవి బిట్‌కు చుట్టుకుంటాయి. చివరికి అంచులను ఆకురాయితో నున్నగా చేయాలి. ఆకురాయి అనే మాట నాకు గుడిలో రాలేదు. చక్కెర మిల్లులో ఫిట్టర్‌గా చేసిన మా తాత దగ్గర వచ్చింది.

త్రీడీ ప్రింటర్ సంగతి వేరు. దానిలో రంధ్రాలు కొంచెం చిన్నవిగా వస్తాయి. మూడు మిల్లీమీటర్ల స్క్రూకు 3.3 గీయండి. ముక్క పొరలు పొరలుగా పెరుగుతుంది కనుక పొరల మధ్యే విరుగుతుంది. బలం పడే దిక్కు చూసి పడుకోబెట్టండి. పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. జనవరి ఎండలో మూసిన కారులో వదిలేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆరు గంటల ప్రింట్ మొదలుపెట్టే ముందు కరెంటు కోత ఏమైనా ఉందేమో కూడా చూడండి!

ఇక ఆ పోటీ రోజు. నేను ఆకురాయి తీసుకుని నేనే రుద్దడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి చేయి చాచింది. నేను ఇవ్వలేదు. మొదటి ఆట పోయింది, రెండో ఆటకు అందుకున్నాం. ఆమె "నేను చెప్పాను కదా" అని ఒక్క మాట అనలేదు. కానీ తరువాత రెండు వారాలు జట్టుకు రాలేదు.

మీరు పెద్దవాళ్లయితే దీన్ని కూడా కొలతలతో పాటు రాసుకోండి: పనిముట్టు పిల్లల చేతిలోనే ఉండాలి. ముక్క వంకరగా వచ్చినా సరే, ఇంకొకటి కోసుకుంటారు.

నేను వాళ్లింటికి వెళ్లి తప్పు నాదేనని ఆమెతో చెప్పాను. వాళ్ల అవ్వ టీ ఇచ్చింది. అమ్మాయి కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "మ్యామ్, చదును తల స్క్రూలు దొరుకుతాయా?" అని అడిగింది. ఈ ఏడాది కొలతల పుస్తకం ఆమె దగ్గరే ఉంది. నేను ఏది గీసినా ముందు ఆమెకు చూపించాలి. పోయిన శనివారం రెండుసార్లు వెనక్కి పంపింది.