పది అడుగుల లంకెబిందె

రెండేళ్ల కిందట మా మనవడు మెటల్ డిటెక్టర్ ఒకటి కొన్నాడు. ముక్కాం సముద్రపు ఒడ్డున జనం పోగొట్టుకున్న ఉంగరాలూ దిద్దులూ ఏరేద్దామని. ఏరినవేమో సోడా మూతలు, గేలాలు, ఎవరిదో తాళంచెవి. ఇప్పుడు అమ్మేస్తానంటాడు. ప్రకటన ఫోన్లో రాసి చూపించాడు.

"ఇలగ పెడితే ముప్ఫై వేలు రావా తాతా?"

మొదటి వాక్యమే 'పది అడుగుల లోతు లంకెబిందెలు చూపును' అని ఉంది.

"ఏటిరా ఇది? ముందు ఆ ముక్క కొట్టెయ్" అన్నాను.

నేల మీద తిప్పే ఆ పళ్లెంలో రాగితీగ చుట్టలుంటాయి. ఒక చుట్టలో కరెంటు సెకనుకు వేలసార్లు అటూ ఇటూ మారుతుంటే, దాని అయస్కాంత క్షేత్రమూ మారుతుంటుంది. ఆ దారిలో లోహం ఉంటే దానిలో సుళ్లు తిరిగే చిన్న కరెంట్లు పుడతాయి. 1831లో ఫారడే పట్టుకున్న కిటుకే ఇది. సుళ్లు తమ క్షేత్రాన్ని పైకి పంపితే రెండో చుట్ట పసిగట్టి కుయ్యిమంటుంది. విమానాశ్రయంలో మనల్ని నడిపించే తలుపు చట్రంలోనూ ఈ విద్యే.

తంటా అంతా దూరంతో. క్షేత్రం కిందికి దిగేటప్పుడు దూరం ఘనం చొప్పున నీరసిస్తుంది, పైకి వచ్చేటప్పుడు మళ్లీ అంతే. రెండూ కలిపితే ఆరో ఘాతం! జానెడు లోతున ఉన్న బిళ్లను రెండు జానలకు దింపితే సంకేతం దాదాపు 64వ వంతుకు పడిపోతుంది. మూడు జానలకు 729వ వంతు. బిందె పెద్దది కాబట్టి ఇంకొంచెం లోతున దొరకొచ్చేమో గానీ, ఈ చేతికర్ర యంత్రానికి పది అడుగులెక్కడ?

పైగా ఆ ఆశ చూపి అమ్మితే కొన్నవాడు ఏ పాత గుడి వెనకో గునపం వేస్తాడు. పది రూపాయలకు మించిన నిధి దొరికినా కలెక్టరుకు రాసి తెలియజేయాలని 1878 నాటి చట్టం ఉంది.

ధర సంగతికొస్తే, కొన్న ధర మర్చిపొమ్మన్నాను. అదే కొత్తది ఈవేళ ఎంతో చూసి, అక్కణ్నించి దిగాలి. బ్యాటరీ గది తెరిస్తే స్ప్రింగుకు చిలుం. సముద్రపు గాలి మరి. పళ్లెం దగ్గర తీగ కదిపి చూశాను, కీచుమనలేదు, నయమే. అక్కడ తెగితే పళ్లెమే మార్చాలి. సగం ధర రాయమంటే వాడి మొహం మాడిపోయింది.

ఆదివారం భీమిలి నుంచి ఒకాయన బేరానికి వచ్చారు. మావాడు వరండాలోనే స్విచ్ వేశాడు. అడుగడుక్కీ మోత!

"పాడైపోనాదేటి బాబూ?" అన్నారాయన.

పాడు కాలేదు, గచ్చు లోపల ఇనుప చువ్వలున్నాయి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో తూటా వెతకడానికి టెలిఫోన్ గ్రాహంబెల్ ఇలాంటి పరికరమే పట్టుకెళ్లాడు. మంచం కింది స్ప్రింగులు అడ్డం తగిలాయి. డాక్టరు కుడివైపే వెతకనిచ్చాడు, తూటా ఎడమవైపుంది. గార్ఫీల్డ్ దక్కలేదు.

అందుకని వచ్చినాయన్ని పెరట్లోకి నడిపించాను. పాత అల్యూమినియం పది పైసల బిళ్లా, కొత్త రూపాయీ ఇసుకలో పాతాం. పది పైసలకు ఠంగుమంది. రూపాయికి ఉలుకూ పలుకూ లేదు! 'ఇనుము వద్దు' మీట నొక్కి ఉంది, ఇప్పటి రూపాయేమో అయస్కాంతానికి అతుక్కునే స్టీలు. మీట తీస్తే అదీ పలికింది. ఒడ్డున నల్లచారల ఇసుకలో, ఉప్పుతడిలో ఊరికే గోల పెడుతుందనీ, అక్కడ నేలకు తగ్గట్టు సర్దుకోవాలనీ చెప్పాను. మావాడు నావైపు గుర్రుగా చూశాడు.

ఆయన మేం అడిగిన ధరకే ఒప్పుకుని, ఓ వెయ్యి మాత్రం తగ్గించమన్నారు. హెడ్‌ఫోన్లో ఎడమ చెవి పలకడం లేదట. ఆ సంగతి మావాడు నాక్కూడా చెప్పలేదు.