పెట్రోలులో నూనె ఎంత కలుపవలెను?

తొలకరి వానలు పడినతోడనే పంచాయతీకి గడ్డిపని పెరుగును. పాఠశాల ఆవరణ, నీళ్ల ట్యాంకు చుట్టుపట్లు, బాటల యిరుప్రక్కలు, శ్మశానవాటిక - ఇవన్నియు నెల తిరుగకమునుపే మోకాలిలోతు గడ్డితో నిండిపోవును. పూర్వము కొడవళ్లతో పదిమంది రెండు దినములు చేయు ఈ పనిని నేడు బ్రష్ కట్టరని పిలువబడు గడ్డికోత యంత్రముతో ఒక్కడే చేయుచున్నాడు. కొన్ని పంచాయతీలలో చెట్లు కోయు మోటారు రంపము, వీపున తగిలించుకొను పవర్ స్ప్రేయరు కూడ కలవు.

ఈ యంత్రములు కొన్నాళ్లకే మూలబడుట పెక్కు గ్రామములలో చూచుచున్నాము. యంత్రము నాసిరకమని సభ్యులందురు. పనివాడు మొరటుగా వాడినాడని కార్యదర్శి అనును. మెకానిక్కు ఇంజను విప్పి చూచినప్పుడు సిలిండరు గోడలపై గీతలు పడి, పిస్టను పట్టివేసియుండుట కనబడును. అట్టి సందర్భములలో పెక్కింటికి కారణము ఒక్కటే: పెట్రోలులో కలుపవలసిన నూనెను కలుపకపోవుట, లేక తక్కువగా కలుపుట. ఇందలి లెక్క మిక్కిలి సులభమైనదే గాని, అందులో ఒక చిక్కు కలదు.

మోటారు సైకిలు ఇంజనులో నూనెకు వేరుగా ఒక గది యుండును. పెట్రోలు వేరు, నూనె వేరు. రెండు స్ట్రోకుల ఇంజనులో ఆ గది లేదు. కార్బురేటరు నుండి వచ్చు పెట్రోలు, గాలి మొదట పిస్టను క్రిందనున్న గదిలోనికి పోయి, అచ్చటి నుండి ప్రక్క దారులగుండా పిస్టను పైకి చేరి మండును. ఆ త్రోవలో పోవునప్పుడే పెట్రోలుతో కలిసి వచ్చిన నూనె బేరింగులకును, సిలిండరు గోడలకును పలుచని పొరగా అంటుకొనును. ఇంజనుకు దొరకు నూనె అంతయు అదియే. అది పనిచేయుచు మండిపోవుచుండును గనుక ఎప్పటికప్పుడు క్రొత్త నూనె రావలయును. నిమిషమునకు ఆరేడు వేల చుట్లు తిరుగు ఇంజనులో ఆ పొర లేకపోయిన యెడల లోహము లోహమును ఒరసికొని వేడెక్కి, కొలది నిమిషములలోనే పిస్టను ఉబ్బి పట్టివేయును.

కావున మొదట తెలిసికొనవలసినది, మన యంత్రము రెండు స్ట్రోకులదా, నాలుగు స్ట్రోకులదా అనునది. చూపునకు రెండును ఒక్క తీరుననే యుండును. నాలుగు స్ట్రోకుల గడ్డికోత యంత్రములు కూడ బజారులో విరివిగా అమ్ముడుపోవుచున్నవి. వానికి ఇంజను ప్రక్కన నూనె పోయుటకు వేరుగా ఒక మూత యుండును. వానిలో కల్తీలేని పెట్రోలే పోయవలెను. రెండు స్ట్రోకుల గడ్డికోత యంత్రమునకు పెట్రోలు ట్యాంకు మూత తప్ప వేరొక మూత యుండదు. మోటారు రంపము విషయములో జాగ్రత్త వలయును. దానికి రెండు మూతలుండును. రెండవది ఇంజనుకు కాదు. పండ్లగొలుసునకు నూనె అందించు తొట్టిది. ఆ తొట్టి నిండుగానున్నదని చూచి, ఇంజనులో నూనె యున్నదనుకొని ఉత్త పెట్రోలు పోసినవారు లేకపోలేదు. నాలుగు స్ట్రోకుల యంత్రములో పొరపాటున మిశ్రమము పోసిన యెడల పొగ వచ్చును, ప్లగ్గు మసిబారును, అంతియే. రెండు స్ట్రోకుల దానిలో ఉత్త పెట్రోలు పోసిన యెడల ఇంజనే పోవును.

ఇక కొలత. యంత్రముపై అతికించిన చీటీలోనో, దానితో వచ్చిన పుస్తకములోనో 50:1 అనియో, 40:1 అనియో, 25:1 అనియో వ్రాసియుండును. కొందరు దీనినే త్రిప్పి 1:50 అని వ్రాయుదురు. అర్థమొక్కటే: 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు నూనె. లీటరునకు వేయి మిల్లీలీటర్లు గదా. ఆ వేయిని చీటీలోని పెద్ద అంకెతో భాగించిన యెడల లీటరు పెట్రోలుకు ఎన్ని మిల్లీలీటర్ల నూనె వలయునో తెలియును. 50:1 అయినచో 20 మి.లీ.; 40:1 అయినచో 25 మి.లీ.; 25:1 అయినచో 40 మి.లీ. అయిదు లీటర్ల డబ్బాకు వరుసగా 100, 125, 200 మి.లీ.

చిక్కు ఇచ్చటనే యున్నది. 50:1 అని చదివి లీటరునకు 50 మి.లీ. పోయువారు కలరు. అది నిజమునకు 20:1 అగును. వలసినదానికి రెండున్నర రెట్లు. దీనికి విపరీతముగా, 20:1 అని వ్రాసియున్న పాత యంత్రములో 20 మి.లీ. మాత్రమే పోసిన యెడల వలసిన 50 మి.లీ.లో సగము కూడ పడలేదన్నమాట. మొదటి పొరపాటువలన పొగ, రెండవ పొరపాటువలన ఇంజను నాశనము. అంకె పెద్దదైనకొలది నూనె తగ్గును; చిన్నదైనకొలది పెరుగును. ఈ మాటను పనివానిచేత ఒకటికి రెండుసార్లు చెప్పించుకొనుట మంచిది.

నూనె కొలుచుటకు సీసా మూతను వాడు అలవాటు మన గ్రామములలో బాగుగా పాతుకొనిపోయినది. "లీటరుకు ఒక మూత" అందురు. ఏ సీసా మూత? ఒక మూతలో 5 మి.లీ. పట్టును, వేరొక దానిలో 15 పట్టును. మందుల దుకాణములో దొరకు 20 మి.లీ. సిరంజిని సూది లేకుండ కొని, నూనె సీసాకు దారముతో కట్టి యుంచిన యెడల కొలత తప్పదు. పురుగుమందుల కొలపాత్రలను మాత్రము దీనికి వాడరాదు. దీనికి వాడినదానిని మరి దేనికిని వాడరాదు.

పెట్రోలు కొలతలోను ఒక తప్పు దొరలుచున్నది. మనవారు బంకులో లీటర్ల లెక్కన గాక రూపాయల లెక్కన పోయించుకొందురు. రెండు వందలకు పోయించినప్పుడు వచ్చునది సరిగా రెండు లీటర్లు కాదు. మీటరులో లీటర్ల అంకెను చూచి, దానిని బట్టి నూనె కట్టవలెను. మీటరు 1.8 లీటర్లు చూపినచో 50:1 ప్రకారము నూనె 36 మి.లీ. ఈ గుణకారముల బెడద లేకుండుటకు ప్రతిసారియు సరిగా 5 లీటర్లే పోయించుకొనుట సులభోపాయము.

నూనె ఎక్కువైన నష్టమేమున్నదని అడుగువారు కలరు. మండని నూనె మసిగా మారి ప్లగ్గుపైనను, సైలెన్సరు ద్వారములోను గట్టిపడును. ఇంజను బలము తగ్గి, మాటిమాటికి ఆగిపోవును. పనివాడు దినమంతయు ఆ పొగను పీల్చవలసి వచ్చును. రెండు స్ట్రోకుల స్కూటర్లు, ఆటోలు విస్తారముగా తిరిగిన కాలమున ఢిల్లీ నగరములో ఇట్టి పొగ బాధ మితిమీరగా, 1998 చివర విడి నూనె అమ్మకమును ఆపి, బంకులలోనే కొలత ప్రకారము కలిపిన పెట్రోలు పోయు ఏర్పాటు చేసిరి. ఒక్కొక్క బండిలో పోయునది కొలది చుక్కలే యైనను, కొలత తప్పినప్పుడు నగరమంతయు దాని ఫలితము అనుభవించినది.

నూనె ఏది? సీసాపై 2టి అని వ్రాసియున్న, గాలితో చల్లబడు ఇంజనులకు ఉద్దేశించిన నూనెయే వాడవలెను. మోటారు సైకిలు ఇంజను నూనె గాని, ట్రాక్టరు నుండి దింపిన వాడిన నూనె గాని పనికిరాదు. అవి పెట్రోలుతోపాటు శుభ్రముగా మండునట్లు చేసినవి కావు. ఆముదము మాట కూడ కొందరు పెద్దలు అడుగుచుందురు. ఆ ప్రశ్న హాస్యాస్పదమైనది కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమానములు కొన్ని ఆముదముతోనే ఎగిరినవి. కాస్ట్రాల్ అను ప్రసిద్ధ నూనె పేరు ఆముదపు ఇంగ్లీషు పేరు నుండియే పుట్టినది. అయినను ఆముదము పెట్రోలులో చక్కగా కలియదు, వేడికి జిగురు కట్టును. మన గడ్డికోత యంత్రమునకు అది తగదు.

కలుపు విధము: శుభ్రమైన డబ్బాలో మొదట సగము పెట్రోలు పోసి, కొలిచిన నూనె నంతయు వేసి, మూత బిగించి బాగుగా కుదుపవలెను. పిదప మిగిలిన పెట్రోలు పోసి మరల కుదుపవలెను. యంత్రపు ట్యాంకులోనే నూనె చుక్కలు వేసి కలిసినదనుకొనుట తప్పు. 2టి నూనెకు రంగు వేయుదురు గనుక కలిపినది కంటికి తెలియును. అనుమానము కలిగినప్పుడు ఆరుబయట తెల్లకాగితముపై ఒక చుక్క వేసి ఆరనిచ్చిన యెడల ఉత్త పెట్రోలు మరక మిగుల్చదు. నూనె కలిసినది జిడ్డుమరకను మిగుల్చును. నూనె కలదో లేదో ఈ పరీక్ష చెప్పునే గాని, ఎంత కలదో చెప్పలేదు.

కలిపిన ఇంధనమును నెల దినములకు మించి నిలువ యుంచరాదు. నేడు బంకులలో అమ్ము పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. తేమ హెచ్చిన యెడల నీరు, ఇథనాలు కలిసి పెట్రోలు నుండి విడిపోయి డబ్బా అడుగునకు చేరును. అట్టిది కార్బురేటరులోనికి పోయినచో యంత్రము కదలదు. మూత వదులుగానున్న డబ్బా వానకాలములో మరింత ప్రమాదకరము. గడ్డిపని ముగిసి యంత్రమును మూలపెట్టునప్పుడు ట్యాంకును ఖాళీ చేసి, ఇంజనును దానంతట అది ఆగిపోవువరకు నడిపి, పిదప భద్రపరచవలెను. మిగిలిన మిశ్రమమును మురుగుకాలువలోనో, బావి దాపుననో పారబోయరాదు.

తీరగ్రామములవారికి ఇది మరింత ముఖ్యము. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణ ప్రాంతమునందును, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లా ఉద్దానమునందును లెక్కకు మిక్కిలిగా చెట్లను కూల్చినవి. బాటలకడ్డముగా పడిన మ్రాకులను తొలగించిన గాని సహాయము ఊరిలోనికి రాలేదు. అట్టి దినమున మోటారు రంపములో ఆరు నెలల నాటి మిశ్రమముండి అది కదలని యెడల, రంపమున్నను లేనట్లే. తుపాను హెచ్చరిక వచ్చిననాడే పాతది తీసివేసి క్రొత్తగా కలిపి యుంచవలెను.

నిప్పు విషయము చెప్పనక్కరలేదు గాని చెప్పక తప్పదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలబారుగా ప్రాకి దూరముననున్న పొయ్యినైనను, బీడీనైనను చేరగలదు. కలుపుట ఆరుబయట జరుగవలెను. ఇంజను చల్లారిన పిమ్మటనే ట్యాంకు నింపి, ఒలికినది తుడిచి, నింపినచోటికి నాలుగడుగులు దూరముగా తీసికొనిపోయి ఇంజను ఆడించవలెను. నీళ్లసీసాలలో పెట్రోలు తెచ్చు అలవాటును పంచాయతీయే ముందుగా మానవలెను. 1934 నాటి పెట్రోలియము చట్టము ప్రకారము, అమ్మకమునకు గాక సొంత అవసరమునకై 30 లీటర్ల వరకు లైసెన్సు లేకుండ పెట్రోలు ఉంచుకొనవచ్చును గాని, దానిని గట్టి మూత గల లోహపు డబ్బాలోనో, లీటరుకు మించని గాజు లేక పింగాణి పాత్రలోనో ఉంచవలెను.

పంచాయతీ చేయవలసిన ఏర్పాటునకు పెద్ద ఖర్చు లేదు. అయిదు లీటర్ల లోహపు డబ్బా ఒకటి, సిరంజి ఒకటి, జాలీ గరాటు ఒకటి చాలును. డబ్బాపై రంగుతో "నూనె కలిపిన పెట్రోలు - గడ్డికోత యంత్రమునకు - 5 లీటర్లకు 100 మి.లీ." అని, లేక ఆ యంత్రపు చీటీ ప్రకారము రావలసిన అంకెను వ్రాయించవలెను. నిష్పత్తిని వ్రాయించరాదు, మిల్లీలీటర్లనే వ్రాయించవలెను. రెండు యంత్రములకు రెండు నిష్పత్తులున్న యెడల రెండు డబ్బాలు, రెండు రంగులు. కలిపిన తేదీని డబ్బాకు కట్టిన అట్టముక్కపై వ్రాసి, స్టాకు పుస్తకములో పెట్రోలు ప్రక్కనే నూనె లెక్క కూడ ఎక్కించవలెను. నెలలో 20 లీటర్ల పెట్రోలు ఖర్చయి 50:1 యంత్రమునకు 400 మి.లీ. నూనె ఖర్చు కాకున్నచో ఎచ్చటనో పొరపాటు జరిగినదని సభ్యులు అప్పుడే గుర్తింపవచ్చును. మెకానిక్కు ఇంజను విప్పువరకు వేచియుండనక్కరలేదు. ప్రక్క గ్రామమువారు యంత్రమును ఎరువడిగినప్పుడు యంత్రముతోపాటు ఆ డబ్బాను, సిరంజిని కూడ ఇచ్చి పంపవలెను.