మంచు మైదానమున బాలికల వంతు



హాకీ యనగానే మనకు స్ఫురించునది పచ్చికబయలు, వంపుకఱ్ఱ, బంతి, ధ్యాన్‌చందు పేరు. నేడు నేను చెప్పబోవునది ఆ యాట కాదు, దాని జ్ఞాతి. చలికాలమున చెఱువులు గడ్డకట్టు ఉత్తర అమెరికా సీమలలో పెరిగిన మంచుహాకీ యిది. ఉక్కు అంచు బిగించిన జోళ్లతో మంచుపై జాఱుచు, ‘పక్’ అను రబ్బరు బిళ్లను కఱ్ఱతో కొట్టుచు ఆడుదురు. ఆ బిళ్ల మూడంగుళముల వెడల్పు, ఒక యంగుళము మందము గలది. గోలు కాచువారితో కలిసి పక్షమునకు ఆఱుగురు. కెనడా సరిహద్దుననున్న మిన్నెసోటా రాష్ట్రమున ఇది ఊరూర గల యాట. ఉద్యోగములకై యేగి అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములును గలవు. అచ్చటి ఊరి సంఘములు బాలికలకై ఈ యాటను నడుపు విధమును విన్నవింతును. ఆట మనకు దూరమైనను, ఆ నడుపు తీరు దూరము కాదు.

ముందుగా సంఘము మాట. ఏ ఊరి పిల్ల ఆ ఊరి సంఘమున ఆడుట అచ్చటి పద్ధతి. నివాసమో, చదువుకొను పాఠశాలయో దానిని నిర్ణయించును. సంఘమునకు యజమాని లేడు. తల్లిదండ్రులే సభ్యులు, వారెన్నుకొన్నవారే కార్యవర్గము, వారికి జీతములు లేవు. ఒకరు పద్దులు, ఒకరు మైదానపు వేళల పట్టిక, ఒకరు సామగ్రి చూతురు. బాలికల శాఖకు వేఱుగా ఒకరిని నియమించుట పరిపాటి. తక్కిన కుటుంబములును ఏటికిన్ని గంటలు పనిచేయవలెనని పెక్కు సంఘముల నియమము. ముందు కొంత ధరావతు కట్టించుకొని, పనిచేసినవారికి తిరిగి యిత్తురు. చేయనివారిది సంఘము పాలగును. మాటసాయము వేఱు, ఒళ్లు వంచుట వేఱు అని వారు గ్రహించినారు.

బాలికలను 8, 10, 12, 15 ఏండ్ల లోపువారని తరగతులుగా విభజింతురు. పూర్తి మైదానము 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. పసివారిని అంత బయలున విడిచినచో, చుఱుకైన ఒకరిద్దఱే బిళ్లతో పరుగిడుదురు, తక్కినవారు చూచుచు నిలుతురు. అందుచేత ఎనిమిదేండ్ల లోపువారికి మైదానమును అడ్డముగా పంచి, తేలికైన బిళ్లనిచ్చి ఆడింతురు. అందఱి కఱ్ఱకును బిళ్ల తగులును. పదేండ్ల తరగతి మొదలు ఆట చూచి జట్లను ఏర్పఱతురు. తన బిడ్డకు తానే తీర్పరి యగుట తగదని, ఆ పరీక్షకు బయటివారిని పిలుచు సంఘములు పెక్కు. ఒక ఊరిలో పిల్లలు చాలనిచో, పొరుగూరి సంఘముతో కలిసి ఉమ్మడి జట్టు కట్టుదురు.

బాలురతో కలిసి ఆడరాదా యని మీరడుగవచ్చును. ఆడవచ్చును, ఆడువారును గలరు. కాని పెద్ద తరగతులలో బాలురకు ఒడలితో ఒడలిని ఢీకొట్టి అడ్డుట అనుమతము. బాలికల యాటలో అది నిషిద్ధము. అదిగాక, జట్టున తానొక్కతెయే ఆడపిల్లయైనచో, బట్టలు మార్చుకొను గది మొదలు ప్రతిచోటను ఆమె ఒంటరి. తోడు గల పిల్ల నిలుచును. లేని పిల్ల మానుకొనును. అందుకే వేఱు జట్టు.

ఇప్పుడు అసలు చిక్కునకు వత్తము. మంచు మైదానములు కొన్ని, జట్లు పెక్కు. సాయంకాలపు మంచి గంటలు ఎవరివి? మన కాలువ వంతులను తలచుకొనుడు. తూము దగ్గఱి చేనికి పట్టపగలు నీరు. ఆయకట్టు చివరి రైతు నడిరేయి లాంతరుతో గట్టుపై కాపు గాయవలెను. క్రొత్తగా వచ్చిన బాలికల జట్లు ఆ చివరి చేని వంటివి. దీనిని దయకు విడువక మిన్నెసోటా ప్రభుత్వము శాసనము చేసినది. ప్రజల సొమ్ముతో నడచు మైదానములలో, పనిదినములందు సాయంకాలము 4 మొదలు 10 గంటల వఱకు గల వేళలను, సెలవుదినపు పగటి వేళలను ముఖ్యవేళలని నిర్ణయించి, వానిలో బాలికల, స్త్రీల జట్లు కోరినచో 1994–95లో నూటికి 15 వంతుల వఱకు, మఱుసటి ఏట 30 వఱకు, 1996–97 నాటికి 50 వఱకు వారికి ముందుగా ఈయవలెనని విధించినది. ఒక్కమాఱు సగము లాగికొనలేదు, మెట్టుమెట్టుగా ఎక్కించినది. ఉన్నవారు సర్దుకొనుటకును, రావలసినవారు వచ్చుటకును వ్యవధి దొరకినది.

1994లోనే ఆ రాష్ట్రపు ఉన్నత పాఠశాలల క్రీడాసంస్థ బాలికల మంచుహాకీని తన పోటీలలో చేర్చెను. అమెరికా రాష్ట్రములలో ఇదియే మొదటిది. ఊరి సంఘమున నేర్చిన పిల్లకు పాఠశాల జట్టు తరువాతి మెట్టైనది. 1998లో నగానోలో స్త్రీల మంచుహాకీ మొదటిసారి ఒలింపిక్ క్రీడలలో చేరగా, అమెరికా జట్టు కెనడాను 3–1తో గెలిచి స్వర్ణము పొందెను. ఆ జట్టున మిన్నెసోటా యువతులును ఉండిరి.

వ్యయము మాట దాచరాదు. మైదానపు అద్దె, జోళ్లు, తలకవచములు అన్నియు ఖరీదైనవే. పేదయింటి బిడ్డకు ఈ యాట నేటికిని కష్టసాధ్యము. గోలు కాచు పిల్లకు వలయు బరువైన సామగ్రిని సంఘములు ఎరువిచ్చుట, విరాళములతో రుసుము తగ్గించుట భారమును కొంత తేలిక చేయును, తీర్చివేయదు. రక్షణ విషయమున మాత్రము పట్టుదల గలదు. శిక్షకుని పూర్వచరిత్రను విచారింపక, పిల్లల రక్షణను గూర్చిన పాఠము చెప్పింపక, పిల్లలను అప్పగింపరు. తన కూతురు ఎవరి చేతిలో నున్నదో తెలిసిన తల్లియే ఆమెను మఱునాడును పంపును.

పెద్దలారా, మనకు మంచు లేదు. కాని బడి వెనుక మైదానము గలదు, సాయంకాలము గలదు. చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టిన రజని భారత స్త్రీల హాకీ జట్టునకు గోలు కాచినది. కావున మన పిల్లలకు శక్తి లేదనుట చెల్లదు. రేపు సాయంకాలము ఆ మైదానమువైపు నడచి, ఎవరాడుచున్నారో, ఎవరు గట్టున నిలిచి చూచుచున్నారో గమనింపుడు. కాలువ నీటికి వంతులు నిర్ణయించి తగవులు తీర్చిన మీకు, మైదానపు గంటలకు వంతులు నిర్ణయించుట క్రొత్త విద్య కాదు.