దమ్ము జబ్బు ముదిరినప్పుడు ఇంట్లో మాట్లాడుకోవలసిన మాటలు



చలికాలం వచ్చిందంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి దమ్ముతో ఆసుపత్రికి వచ్చేవారు ఎక్కువవుతారు. డాక్టర్లు ఈ జబ్బును సి.ఓ.పి.డి. అంటారు. అనగా ఊపిరి గొట్టాలు ఏళ్ళ తరబడి వాచి సన్నబడడం, ఊపిరితిత్తులలోని గాలి సంచులు పాడైపోవడం. పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు. అందుకే మనిషి రొప్పుతాడు. ఇది అంటువ్యాధి కాదు.

కారణాలు మీకు తెలిసినవే. బీడీలు, చుట్టలు, సిగరెట్లు మొదటివి. ఏనాడూ బీడీ ముట్టని ఆడవారికి కూడా ఇది వస్తుంది. ముప్పై నలభై ఏళ్ళు కట్టెల పొయ్యి పొగలో వంట చేయడమే అందుకు కారణం. రైస్ మిల్లులలో, రాతి క్రషర్లలో ఏళ్ళ తరబడి దుమ్ము పీల్చినవారి ఊపిరితిత్తులు కూడా దెబ్బతింటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 35 లక్షల మంది సి.ఓ.పి.డి.తో చనిపోయారు. మరణ కారణాలలో ఆ ఏడాది ఇది నాలుగవది.

ఈ జబ్బు రాకుండా ఏమి చేయాలో చాలామంది చెబుతారు. ముదిరిన తరువాత ఏమి చేయాలో చెప్పేవారు తక్కువ. ఈ వ్యాసం దాని గురించే.

కేన్సర్‌కు దొరికేది దమ్ముకు ఎందుకు దొరకదు?

కేన్సర్ అనగానే ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకుంటారు. దమ్ము విషయంలో అలా జరగదు. ఆయాసం పెరుగుతుంది, ఆసుపత్రిలో చేరుస్తాము, నాలుగు రోజులకు తగ్గి ఇంటికి వెళతారు. పోయినసారి తగ్గింది గనుక ఈసారి కూడా తగ్గుతుందనే అందరూ అనుకుంటారు. కానీ ఆయాసం తీవ్రంగా వచ్చి తగ్గిన ప్రతిసారీ మనిషి ఒక మెట్టు కిందికి దిగవచ్చు.

ఇది మన దగ్గరే కాదు. ఇంగ్లాండులో 50 మంది ముదిరిన సి.ఓ.పి.డి. రోగులను, ఆపరేషన్‌కు వీలుకాని ఊపిరితిత్తుల కేన్సర్ ఉన్న 50 మందిని పోల్చి, 2000లో ఫలితాలు ప్రచురించారు. కేన్సర్ రోగులలో నూటికి 30 మందికి ఉపశమన సేవ అందింది. సి.ఓ.పి.డి. రోగులలో ఒక్కరికి కూడా అందలేదు. ఆందోళన, దిగులు మాత్రం వీరిలోనే ఎక్కువ. నూటికి 90 మంది వాటితో బాధపడుతున్నారు.

ఉపశమన సేవ అంటే చికిత్స మానివేయడం కాదు. ఇన్‌హేలర్లు, మందులు, ఆక్సిజన్ నడుస్తూనే ఉంటాయి. వాటితోపాటు ఆయాసం, భయం, నిద్రలేమి తగ్గించడం, కుటుంబానికి తోడుగా ఉండడం ఈ సేవ. చివరి రోజు దాకా దీనికోసం ఆగనవసరం లేదు.

ఎప్పుడు మాట్లాడాలి?

ఈ గుర్తులు కనిపిస్తే డాక్టరు గారితోనూ, ఇంట్లోనూ మాట్లాడవలసిన సమయం వచ్చినట్లే:

1. ఏడాదిలో రెండుసార్లు గానీ అంతకన్నా ఎక్కువసార్లు గానీ ఆయాసంతో ఆసుపత్రిలో చేరడం.
2. బట్టలు మార్చుకున్నా, స్నానం చేసినా దమ్ము రావడం.
3. తిండి తగ్గి, మనిషి చిక్కిపోవడం.
4. ఇంట్లో ఆక్సిజన్ అవసరం కావడం.
5. రోజులో ఎక్కువ భాగం మంచంలోనో కుర్చీలోనో గడపడం.

ఆయాసం తగ్గి, మనిషి నిమ్మళంగా కూర్చున్న రోజే ఈ మాటకు మంచి రోజు. రొప్పుతున్న మనిషిని అడిగితే ఏమి చెప్పగలడు?

ఏమి అడగాలి?

అర్ధరాత్రి దమ్ము ఎక్కువైతే ఏమవుతుందో చూడండి. సూర్యాపేట నుంచి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు. కోదాడ నుంచి ఇంకా దూరం. తీసుకుపోవాలా, ఇక్కడే ఉంచాలా అన్నది అంబులెన్సు తలుపు దగ్గర నిలబడి, ఏడుస్తూ తేల్చుకునే విషయం కాదు. పెద్దాయన మనసులో ఏముందో ఎవరూ అడిగి ఉండరు. తరువాత అప్పులు మిగులుతాయి, అన్నదమ్ముల మధ్య మాటలు మిగులుతాయి.

కావున ముందే అడగండి. "నాయినా, దమ్ము మళ్ళా ఎక్కువైతే నిన్ను ఎక్కడ ఉంచాలె? నీకు దేనికి భయమైతుంది? నువ్వు మాట్లాడలేకపోతే మాలో ఎవరు చెప్పాలె?" ఈ మూడు ప్రశ్నలు చాలు. "అట్లాంటి మాటలు ఎందుకు, నువ్వు నూరేళ్ళు ఉంటావు" అని ఆయన నోరు మూయించకండి. చాలాసార్లు రోగి చెప్పడానికి సిద్ధంగానే ఉంటాడు. వినడానికి మనమే సిద్ధంగా ఉండము.

మాస్కుకు, గొట్టానికి ఉన్న తేడా కూడా తెలుసుకోండి. బైపాప్ అనేది ముఖానికి మాస్కు పెట్టి గాలిని వత్తిడితో పంపే మిషన్. చాలామంది దీనితో కోలుకుంటారు. గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టడం వేరు. కొందరిని అది కూడా బ్రతికిస్తుంది. జబ్బు బాగా ముదిరినవారిలో కొందరికి ఆ గొట్టం మళ్ళీ తీయడం కష్టమవుతుంది. "మాస్కు పెట్టండి, గొట్టం వద్దు" అని రోగి కోరుకోవచ్చు. మీ రోగి ఏ స్థితిలో ఉన్నాడో డాక్టరు గారిని సూటిగా అడగండి.

చట్టం ఏమంటుంది?

2018 మార్చి 9న సుప్రీంకోర్టు, గౌరవంగా మరణించడం కూడా జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. 2023 జనవరిలో పద్ధతిని సులభం చేసింది. 18 ఏళ్ళు నిండి, మనసు స్థిమితంగా ఉన్నవారు తమ కోరికను కాగితం మీద వ్రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేత గానీ గెజిటెడ్ అధికారి చేత గానీ ధ్రువీకరింపజేసుకోవచ్చు. తమ తరఫున మాట్లాడవలసిన వారి పేరు కూడా అందులో వ్రాయాలి. ఆ తరువాత కూడా ఆసుపత్రిలో రెండు డాక్టర్ల బోర్డులు పరిశీలించాకే చికిత్స ఆపుతారు. ఫలించని వెంటిలేటర్‌ను వద్దనడం ప్రాణం తీయడం కాదు. జబ్బు తన దారిన పోతుంది, మనం బాధను తగ్గిస్తాము.

ఇంట్లో చేయగల సేవ

- దమ్ము వచ్చినప్పుడు పడుకోబెట్టకండి. కూర్చోబెట్టి, ముందు బల్ల మీద దిండు వేసి, చేతులు ఆనించి ముందుకు వంగమనండి.
- ముక్కుతో పీల్చి, ఈల వేసినట్లు పెదవులు చుట్టి నెమ్మదిగా వదలమనండి. పక్కన కూర్చుని మీరూ అలాగే చేయండి.
- చిన్న ఫ్యాను గాలి ముఖానికి తగలనివ్వండి. చుట్టూ జనం మూగనివ్వకండి.
- ఒకేసారి కడుపు నిండా కాకుండా కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి.
- ఆక్సిజన్ డాక్టరు చెప్పినంతే. ఈ జబ్బులో సాధారణంగా వేలి మిషన్‌లో 88 నుంచి 92 ఉంటే చాలు. తొందరపడి పెంచితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగత కమ్ముతుంది. ఆ గదిలో బీడీ, దీపం, పొయ్యి ఉండకూడదు. కరెంటు పోతే పనికివచ్చేలా సిలిండరు దగ్గర పెట్టుకోండి.

అన్నీ చేసినా తగ్గని ఆయాసానికి కొందరికి డాక్టర్లు మార్ఫిన్ చాలా చిన్న మోతాదులో ఇస్తారు. ఇది అందరికీ పనిచేయదు. మలబద్ధకం, మగత రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి. అవసరమైనవారికి ఇటువంటి మందులు సులువుగా అందేలా 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు.

చివరి రోజులలో

ఆకలి, దాహం తగ్గిపోతాయి. అది సహజం. మగతలో ఉన్నవారి నోట్లో గంజి, పాలు పోయకండి. ఊపిరి గొట్టంలోకి పోయి ఉక్కిరిబిక్కిరి అవుతారు. తడి దూదితో పెదవులు, నాలుక తుడవండి. చేయి పట్టుకుని మాట్లాడండి. జవాబు రాకపోయినా వినబడుతూ ఉండవచ్చు. పాస్టరు గారిని పిలవాలనుకుంటే ముందే పిలవండి, మాట ఉన్నప్పుడే.

సేవ చేసే మనిషిని మరువకండి. చాలా ఇళ్ళలో అది భార్యో కోడలో అయి ఉంటుంది. రాత్రులు మేల్కొనేది ఆమే. వారంలో రెండు రాత్రులు మరొకరు కూర్చుంటే ఆమె నిద్రపోతుంది. సంఘంలోని కుటుంబాలు చేయగల గొప్ప సహాయం ఇది.

సహాయం ఎక్కడ?

మన రాష్ట్రంలో ఉపశమన సేవ హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల కేన్సర్ రోగుల కోసం ఎదిగింది. తరువాత ప్రభుత్వం జిల్లాలలో కూడా పాలియేటివ్ కేర్ కేంద్రాలు పెట్టింది. ఇవి కేన్సర్‌కే అనుకోకండి. దమ్ము రోగికి కూడా అడగండి. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో విచారించండి, లేదా మా నర్సులను అడగండి.

మీ ఇంట్లో దమ్ముతో బాధపడే పెద్దవారు ఉంటే, ఈ పేజీ వారికి చదివి వినిపించండి. ఆ పైన మీరు మాట్లాడకండి, వారిని మాట్లాడనివ్వండి.

- నర్సింగ్ సూపరింటెండెంట్