గంటన్నర అంటే 1.30 కాదు

ఇంట్లో అమ్మ ‘గంటన్నర’ అంటుంది. వీధిలో మరాఠీలో అదే ‘దీడ్ తాస్’. రెండూ ఒక్కటేనని కుంభారి పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కంప్యూటర్‌కు మాత్రం చెప్పాలి. ‘రెండున్నర’లో రెండు కనిపిస్తుంది. మరాఠీ ‘అడీచ్’లో రెండూ కనిపించదు, సగమూ కనిపించదు. ఆ మాటకు 150 నిమిషాలని ముందుగా నేర్పకపోతే సాఫ్ట్‌వేర్ తడబడుతుంది.

అంకెల్లో రాసినా చిక్కు తప్పదు. 2024 జనవరి 19న కుంభారి రే నగర్‌లో 15,000 ఇళ్లు కార్మిక కుటుంబాలకు అందాయి. మరమగ్గాల, బీడీ కార్మికులూ వారిలో ఉన్నారు. గంటల లెక్కన కూలి అందుకునే ఇంట్లో ఒక్క చుక్క కూడా డబ్బే.

గంటకు 60 రూపాయలు అనుకుందాం. గంటన్నర పనిని చాలామంది 1.30 అని రాస్తారు. కంప్యూటర్ ఆ చుక్కను దశాంశ బిందువుగా తీసుకుంటుంది. దాని లెక్కలో అది 78 నిమిషాలే. 90 రూపాయలు రావాల్సిన చోట 78 వస్తాయి. ఎక్సెల్‌లో 1:30 అని కొడితే దాన్ని రోజులో భాగంగా, అంటే 0.0625గా దాచుకుంటుంది. 60తో గుణిస్తే 3.75 రూపాయలే! మళ్లీ 24తో గుణిస్తేనే 90.

ఉపాధ్యాయులు భిన్నాలు చెప్పేటప్పుడు పావు, అర, ముప్పావు పక్కన 15, 30, 45 నిమిషాలు రాయించాలి. 0.25, 0.5, 0.75 కూడా రాయించాలి. తల్లిదండ్రులు తమ వారం పని గంటలను పిల్లల చేత నిమిషాల్లోకి మార్పించి, కూలి లెక్క కట్టించవచ్చు. పలకమీద నేర్చిన ఈ లెక్క రేపు కూలి చీటీలో తప్పును పట్టిస్తుంది.