వయసైన డిఫెండర్‌కి అంత జీతమా?

గన్‌ఫౌండ్రీలో బస్సు దిగి ఎల్బీ స్టేడియం వైపు నడుస్తుంటే మా ఫ్రెండ్స్ మధ్య ఎప్పుడూ ఇదే గొడవ: వయసైన డిఫెండర్‌ని ఎక్కువ జీతమిచ్చి తెచ్చుకోవాలా? తెచ్చుకోవాలనే నేనంటాను, ఒక్క షరతు మీద.

2021లో హైదరాబాద్ ఎఫ్‌సీ 34 ఏళ్ల స్పెయిన్ ఆటగాడు హువానన్‌ని తీసుకుంది. డిఫెండర్‌కి పరుగు తగ్గినా, బంతి ఎటొస్తుందో ముందే పసిగట్టే తెలివి పెరుగుతుంది. పక్కనున్న కుర్రాళ్లూ అది చూసి నేర్చుకుంటారు. ఆ సీజన్‌లోనే, 2022 మార్చి 20న, గోవాలో కేరళని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ కప్పు గెలిచాం.

మరి షరతేంటంటారా? నెలనెలా జీతం ఇవ్వగలగాలి. 2023-24లో జీతాలు ఆగాయి, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు, జట్టు 8 పాయింట్లతో అట్టడుగున మిగిలింది. 2025లో క్లబ్బే ఢిల్లీకి మారిపోయింది.

ఇప్పుడు ఎవర్ని కొనాలో వాదించుకుందామన్నా, ఐఎస్‌ఎల్‌లో మనకి జట్టే లేదు.