పగులుటకే పుట్టిన శిరస్త్రాణము

ఎంతకాలము చెక్కుచెదరక నిలిచిన అంత గట్టి సరకని వస్తువులను మెచ్చుకొనుట లోకమునకు అలవాటు. కొండవాలున సైకిలుపందెము లాడువారు తలకు తొడుగుకొను హెల్మెటునకు మాత్రము ఈ గీటురాయి పనికిరాదు. అది పుట్టినదే పగులుటకు; తాను నలిగి, చీలి, పనికిమాలినదై, లోపలి తలను నిలుపగలిగిన నాడే దాని పుట్టుక సార్థకము. ఈ సంగతి మనుష్యులకు తెలియుటకు చాలకాలము పట్టినది; తెలిసిన పిదప దానిని కొండలమీదికి చేర్చుటకు మఱికొంతకాలము పట్టినది.

కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరముగా నున్న మారిన్ మండలమున, ఫేర్‌ఫాక్స్ అను ఊరి చెంత, అడవిమంటల నార్పు బండ్లకై వేసిన యొక మట్టిదారిలో 1976 అక్టోబరు 21వ తేదీన చార్లీ కెల్లీయు, అతని మిత్రులును ఒక పందెము నడపిరి. దారి పొడవు సుమారు 3.4 కిలోమీటర్లు, అంతలోనే అది 400 మీటర్లు దిగును. వారెక్కినవి లావు టైర్ల పాతకాలపు సైకిళ్లు. పెడలును వెనుకకు త్రొక్కిన వెనుకచక్రపు ఇరుసులో పట్టుకొను బ్రేకే వానిలో పెక్కింటికి దిక్కు. దిగువకు చేరులోపల ఆ ఇరుసు కాగి, లోని గ్రీజంతయు పొగయై పోయెడిది. దానిని విప్పి, తుడిచి, క్రొత్త గ్రీజు కూరినగాని మఱల ఎక్కుటకు వీలుండెడిది కాదు. ఇట్లు మఱల కూరుటనుబట్టి రీప్యాక్ అని ప్రసిద్ధికెక్కిన ఆ పందెములో గ్యారీ ఫిషర్ 4 నిమిషముల 22 సెకండ్లలో దిగి రికార్డు నెలకొల్పెను. 1977లో జో బ్రీజ్ ఇట్టి దారులకే తగునట్లు స్వయముగా నిర్మించిన సైకిలు నేడు అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ సంగ్రహములో నున్నది. అయితే ఆ సాహసికుల ఒంటిపై నుండిన రక్షణ యెంత? జీన్సు ప్యాంటు, మందపు చొక్కా, తోలు చేదొడుగులు, పెద్ద బూట్లు. పెక్కుమంది తలపై నేమియు నుండెడిది కాదు. ఆ కాలపు రోడ్డుపందెములవారు ధరించిన హెల్మెటైనను తోలుపట్టీల వల మాత్రమే. అది చర్మము గీఱుకొనకుండ కాపాడునేమో కాని దెబ్బ నాపజాలదు.

విజ్ఞానము మాత్రము అప్పటికే వేఱొక దారిలో చాలదూరము నడచియుండెను. 1935లో మోటారుసైకిలుపైనుండి పడి తలకు దెబ్బతగిలిన ప్రసిద్ధ బ్రిటిషు సైనికుడు టి.ఇ. లారెన్స్‌కు వైద్యము చేసినవారిలో నొకడై, అతని మరణమునకు మిక్కిలి చలించిన మెదడు శస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్స్, ఆ వ్యథను అధ్యయనముగా మార్చుకొని, 1941లో సైన్యపు మోటారుసైకిలు వార్తాహరుల గాయములను గూర్చి వ్యాసము ప్రకటించి, బ్రిటిషు సైన్యమున వారికి హెల్మెటు నిర్బంధమగుటకు కారకుడయ్యెను. 1953లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన చార్లెస్ లాంబార్డ్ పేటెంటు పొందిన హెల్మెటులో, గట్టి పైచిప్ప క్రింద, దెబ్బశక్తిని తాను నలిగి గ్రహించు పొర యుండెను. స్ప్రింగువలె తిరిగి పొంగు వస్తువు తాను పుచ్చుకొన్న శక్తిని మఱల తలకే ఇచ్చును. నలిగిపోవునది దానిని తనలోనే లయము చేసికొనును.

లెక్క వేసి చూడుడు. రెండు మీటర్ల యెత్తునుండి పడిన తల గంటకు సుమారు 22 కిలోమీటర్ల వేగముతో నేలను తాకును. ఆ వేగము రెండు మిల్లీమీటర్ల మేరలో అణగిపోవలసివచ్చిన, తలకు కలుగు ఋణత్వరణము భూమ్యాకర్షణకు వేయి రెట్లు. ఇరువది మిల్లీమీటర్లు నలుగు పొర అడ్డమున్న, నూఱు రెట్లు. అమెరికా ప్రభుత్వ ప్రమాణము సైకిలు హెల్మెటును ఈ రెండు మీటర్ల యెత్తునుండియే చదునైన దిమ్మెపై పడవైచి, లోపలి కృత్రిమశిరస్సునకు కలుగునది 300 రెట్లు మించరాదని విధించుచున్నది. ఇంత పని చేయు ఆ పొర మనమెఱిగిన థర్మోకోలే. టీవీపెట్టెలలో వచ్చుదానికంటె దట్టముగా పోసినది. దెబ్బ తగిలినచోట దాని తెల్లని పూసలు నొక్కుకొనిపోయి, గుల్లలు చిట్లి, ఆ పల్లము అట్లే నిలిచిపోవును. బెల్ సంస్థ ఇట్టి పొరతో 1975లో బెల్ బైకర్ అను హెల్మెటును సైకిలువారికి అందించెను.

ఇంతలో పందెము పెరిగినది. 1985లో కాలిఫోర్నియాలోని మామత్ పర్వతముపై కామికాజి పందెము మొదలయ్యెను. 1990లో కొలరాడోలోని డురాంగోలో జరిగిన తొలి కొండసైకిలు ప్రపంచ పోటీల వాలుపందెమున గ్రెగ్ హెర్బోల్డ్, పాల్ టర్నర్ రూపొందించిన కుదుపు మ్రింగు ముందుఫోర్కుగల సైకిలుపై గెలుపొందెను. పిదప వెనుకచక్రమునకును ఊగుడు అమరిక, నూనె యొత్తిడితో పట్టుకొను డిస్కు బ్రేకులు వచ్చెను. సైకిలు మేలైనకొలది వేగము హెచ్చినది. వేగము హెచ్చినకొలది పడుటయు ఘోరమైనది. స్కాట్లండులోని ఫోర్ట్ విలియం దారిని చూడుడు: మూడు కిలోమీటర్లకు లోపు పొడవున అర్ధకిలోమీటరుకు పైగా దిగు ఆ దారి నిండ రాళ్లే. వాలులో దేహము ముందే క్రిందికి మొగ్గియుండును గనుక, రెండు రాళ్లనడుమ ముందుచక్రము చిక్కుకొన్న తోడనే పందెగాడు హ్యాండిలుమీదుగా ఎగిరి, ముఖమే ముందు నేలకు కొట్టుకొనును. నడినెత్తిని మాత్రము కప్పు హెల్మెటు దవడను కాపాడజాలదు. 1968లో కారుపందెములకై వచ్చిన గడ్డముదాక కప్పు హెల్మెటు రూపము ఇట్లే కొండసైకిలువారికి అవసరమైనది. నేడు అంతర్జాతీయ సైకిలు సంఘము వాలుపందెమునందే కాక, ఆ దారిపై సాధనయందును దానిని నిర్బంధము చేసినది. వెన్ను, మోచేయి, మోకాలు కవచములను గట్టిగా సిఫారసు చేయుచున్నది. నా మట్టుకు ఆ సాధననుగూర్చిన నియమమే మిక్కిలి వివేకవంతమని తోచుచున్నది. రాయికి పందెమేదో, సాధన యేదో తెలియదు గదా.

వాలున సైకిలువేగ మెంతదాక పోగలదో చూడుడు: 2002లో నికరాగువాలోని సెర్రో నెగ్రో అగ్నిపర్వతపు వాలున ఎరిక్ బరోన్ అను ఫ్రెంచివాడు గంటకు 172 కిలోమీటర్ల వేగమందుకొన్న పిదప సైకిలు విఱిగి పడిపోయెను. గాయపడెను కాని బ్రతికెను.

థర్మోకోలు తీర్పని చిక్కొకటి మిగిలియుండెను. పడువాని తల నేలకు నిలువుగా తగులుట అరుదు. ఏటవాలుగా తగిలి గిరుక్కున తిరుగును. కుండను చటుక్కున త్రిప్పిన లోపలి నీరు వెంటనే తిరుగనట్లు, కపాలము తిరిగినంత వేగముగా మెదడు తిరుగక, లోపలి తంతువులు సాగి తెగును. స్వీడను దేశపు శస్త్రవైద్యుడు హాన్స్ వాన్ హోల్స్ట్, స్టాక్‌హోమ్ సాంకేతిక విద్యాలయపు పీటర్ హాల్డిన్ 1996నుండి ఈ విషయమున శ్రమించి, హెల్మెటులో తలకు ఆనియుండు పలుచని పొర ఒకటి పది, పదునైదు మిల్లీమీటర్లు జాఱునట్లు అమర్చిరి. మిప్స్ అను ఆ యమరిక నేడు పెక్కు హెల్మెట్లలో నున్నది. మెడకై దక్షిణాఫ్రికా వైద్యుడు క్రిస్ లియట్ కల్పించిన పట్టెడ వేఱు: మెడ మితిమీఱి వంగకముందే హెల్మెటు అంచు దానిపై ఆని, బరువును భుజములకు, ఱొమ్మునకు పంచును. తల త్రిప్పుటకు అడ్డమని దానిని వదలివేయు పందెగాండ్రు కలరు.

మన వీధులలో మోటారుసైకిలు నడపువారి హెల్మెటులో నుండునదియు ఈ నలుగు పొరయే. నలిగిన చోటు రెండవమాఱు నలుగదు. పైచిప్ప నిగనిగలాడుచున్నను లోపలిది అయిపోయియుండవచ్చును. కావున గట్టిదెబ్బ తిన్న హెల్మెటును ఇంట దాచుకొనకుడు, తమ్మునికో కుమారునికో ఇయ్యకుడు. పాఱవైచి క్రొత్తది కొనుడు.